పేరు లేని కొలత చీటీ

ఫిబ్రవరి 4

మామయ్యకి,

నేను, నీ గుండీని, రాస్తున్నాను. కవరు చూడగానే అమ్మ కంగారు పడుతుంది, ముందు తనకి చెప్పు, ఎవరికీ ఏమీ కాలేదు, నేను శుభ్రంగా ఉన్నాను. ఇక్కడ గేటు దగ్గర అందరి ఫోన్లూ తీసుకుని సంచుల్లో వేసి సీలు కొట్టేశారు. షూటింగ్ అయ్యేదాకా ఇవ్వరట. ఉత్తరాలు మాత్రం ఆపలేదు. ఈ రోజుల్లో కూర్చుని ఉత్తరాలు రాసేవాళ్ళెవరున్నార్లే అని వాళ్ళ ధీమా. మన ఇంటి సంగతి వాళ్ళకేం తెలుసు!

ఇప్పుడు అసలు కబురు. మిషన్ మీంచి కాలు తీసి, స్థిమితంగా కూర్చుని చదువు. "రాగిరెక్క"ని సీరియల్‌గా తీస్తున్నారు. అవును మామయ్యా, మన రాగిరెక్కే. ఆరువందల పన్నెండు వారాలు ఒక్కటి కూడా తప్పకుండా కొని, బైండు చేయించి, బట్టలు పెట్టుకోవాల్సిన బీరువాలో పెట్టుకున్నావే, ఆ బొమ్మల కథే. ఆ అంగీ, భుజాల మీంచి మడమల దాకా వేలాడే ఆ రాగి రంగు రెక్క, రెండూ కుట్టేది నేను! ఒకరి చేతికింద కాదు. కాస్ట్యూముల గదికి పెద్దని నేనే. ఎనిమిదేళ్ళు వాళ్ళకీ వీళ్ళకీ గుండీలు కుట్టిపెట్టాక వచ్చిన అవకాశం. ఇది నిలబెట్టుకుంటే ఇక నన్నెవరూ కదపలేరు. చెడగొట్టుకున్నానంటే మళ్ళీ గుండీల దగ్గరికే.

వేషం ఎవరు వేస్తున్నారని అడక్కు. చెప్పనని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

ఒక సాయం కావాలి. రెక్క జారిపోతోంది, ఎన్నిసార్లు కోసినా ఒక పక్కకే పోతోంది. దీంతోపాటు ఒక కొలత చీటీ పెడుతున్నాను. ఆ మనిషి కుడి భుజం ఎడమదానికన్నా ఒకటింపావు అంగుళం కిందకి ఉంటుంది. దూది పెట్టకూడదు. దూది లేకుండా ఎలా కొయ్యాలో నువ్వే చెప్పాలి. ఈ పని నీకన్నా తెలిసినవాళ్ళు నాకు ఇంకెక్కడా కనపడలేదు.

చీటీ ఎవరిదని కూడా అడక్కు, ప్లీజ్.

నీ గుండీ


ఫిబ్రవరి 11

ఒసేయ్ గుండీ,

రాగిరెక్క అన్న మాట చదవగానే కత్తెర కింద పడేసి, దుకాణం తలుపు వేసి, మెట్లెక్కి మీ అమ్మ ముందు గంతులేశాను. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి! అక్క "నీకేమన్నా పిచ్చెక్కిందా" అంది. ఎక్కదూ మరి? నేను పని నేర్పిన పిల్ల చేతుల్లో రాగిరెక్క అంగీ! మా రాగిరెక్క అభిమానుల సంఘంలో అందరికీ చెప్పుకుని కాలరెగరేద్దామనుకున్నాను. ఆ సంతోషం అరగంట నిలిచింది. తర్వాత చీటీ విప్పాను.

ముందు పని చెప్తాను, తగువు తర్వాత. రెండు భుజాలకీ ఒకే కాగితం వాడకు. కుడివైపు విడిగా గీసుకో. మెడ దగ్గర ఏమీ ముట్టుకోకు, భుజం చివర ఒకటింపావు దింపు, చంక కూడా అంతే దింపు. లేకపోతే చెయ్యెత్తినప్పుడల్లా అంగీ మొత్తం పైకి లేస్తుంది. రెక్క గుడ్డని ఐమూలగా కొయ్యి. కోశాక ఒక రోజంతా బొమ్మకి వేలాడదియ్యి. సాగాల్సినంత సాగనిచ్చి అప్పుడు కింది అంచు సరిచెయ్యి. తొందరపడి ముందే అంచు కుట్టేశావా, ఒక మూల నేల ఊడుస్తుంది. నీకు తొందరెక్కువ, అందుకే రెండుసార్లు చెప్తున్నాను.

ఇప్పుడు తగువు. నన్నెవరనుకున్నావే నువ్వు? ముప్పై నాలుగేళ్ళుగా టేపు మెళ్ళో వేసుకుని తిరుగుతున్నాను. జనం ఫొటో చూసి మనిషిని పోల్చుకుంటారు, నేను చీటీ చూసి పోల్చుకుంటాను. ఛాతీకి రెండు కొలతలు రాశావు. మగాడికి ఒకటే రాస్తాం. అంటే ఆడమనిషి! ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. ఛాతీ నలభై రెండు, నడుము ముప్పై ఎనిమిది, సీటు నలభై అయిదు. పైగా ఆ భుజం! ఏమిటిది? ఇదేనా రాగిరెక్క? పొట్టి, లావు, వంకర, అన్నీ ఒకచోటే దొరికాయా వాళ్ళకి? ఊళ్ళో మగాళ్ళందరూ సెలవు పెట్టారా?

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఇంకొకడి దుకాణంలో కాజాలు కుట్టుకునే రోజుల్లో, వారమంతా వంగి వంగి నడుం పట్టేస్తే, శుక్రవారం ఆ పుస్తకం తెరిచేవాణ్ణి. అందులో ఒకడు నిటారుగా నిలబడి ఉండేవాడు. ఎవడు ఎంత కొట్టినా వాడి భుజాలు దిగేవి కాదు. నాకు అది చాలు. ఇంకేమీ అడగలేదు. దాన్ని కూడా వంచేస్తే ఎలా చెప్పు?

అడక్కు అన్నావు కాబట్టి అడగటంలేదు. అడగాల్సిన పనే లేదు.

మామయ్య


ఫిబ్రవరి 17

మామయ్యా,

గుడ్డ ఎలా కొయ్యాలో అడిగితే మనిషిని కోసి పంపావు. చాలా సంతోషం.

నువ్వు చెప్పినట్టే కోశాను. కుదిరింది. రెక్క జారలేదు, అంగీ లేవలేదు. వేసుకున్న మనిషి చాలాసేపు విప్పలేదు. ఇది నీకు చెప్పాలని ఎంత ఉబలాటపడ్డానో! ఇంతలో నీ ఉత్తరం రెండో పేజీ గుర్తొచ్చి నోరు చేదెక్కింది.

వేషం ఎవరిదో నేను చెప్పలేదు, చెప్పను. నువ్వు ఊహించుకున్నది నీ ఇష్టం. కానీ ఒక్క మాట. ఆరువందల పన్నెండు వారాల్లో ఆ ముసుగు ఒక్కసారైనా తీశారా? లోపల ఎవరున్నారో ఎవడు చూశాడు? నువ్వు చూశావా? నిటారుగా ఉన్నది అంగీ. దాని లోపల ఎవరో, ఎలాంటి భుజాలో, నీకెలా తెలుసు? నీ దగ్గర కోట్లు కుట్టించుకున్నవాళ్ళందరూ నిటారుగానే కనిపిస్తారు. వాళ్ళు నిజంగా ఎలా ఉంటారో నీకూ నాకూ తెలీదా?

ఆ చీటీ వెంటనే చింపెయ్యి. బతిమాలుతున్నాను. సంఘంవాళ్ళ కంట పడనివ్వకు, ముఖ్యంగా మీరంతా కళ్ళజోడు అని పిలిచే ఆ సెక్రటరీ కంట. వాడి చేతికి ఏది చిక్కినా సాయంత్రానికి ఫోన్లన్నిటిలో ఉంటుంది. చీటీ బయటపడితే నా పని అయిపోయినట్టే.

ఒక్కటి అడుగుతాను, కోపం పక్కనపెట్టి జవాబు రాయి. ఆ కొలతల మనిషి ఆ అంగీ వేసుకుంటే నీకొచ్చిన కష్టమేంటి? ఊరికే అడగటంలేదు. నాకు నీ జవాబు కావాలి.

గుండీ


ఫిబ్రవరి 24

గుండీకి,

నీ ఉత్తరం సోమవారం చేరింది. సంఘం మీటింగు ఆదివారం అయిపోయింది. నేనేం చెయ్యను?

చీటీ చూపించాను. దాచిపెట్టి రాయటం నాకు రాదు. నీ పేరు ఎత్తలేదు, "నమ్మకమైన చోటు నుంచి వచ్చింది" అన్నానంతే. అక్కడ కూర్చున్న అరవైమందీ చీటీ చేతులు మార్చుకుని చూశారు. తర్వాత కుర్చీలు విరగ్గొట్టినంత పనిచేశారు. ముప్పై ఏళ్ళుగా సంఘానికి అధ్యక్షుణ్ణి, వాళ్ళు నన్ను భుజాలమీద ఎత్తుకోవడం ఇదే మొదటిసారి. కళ్ళజోడు ఫొటో తీసుకున్నాడు. నేను వద్దన్నాను. గట్టిగా అనలేదనుకో.

నిర్మాతలు ఫోన్లలో వచ్చే తిట్లు లెక్కలోకి తీసుకోరట, కాగితం మీద సొంత దస్తూరీతో రాసి పోస్టులో పంపితేనే భయపడతారట. అందుకని అందరూ చూసి రాసుకోవడానికి ఒక నమూనా కావాలన్నారు. నేనే రాశాను. నా చేత్తో ఇంత బాగా వస్తుందని నాకే తెలీదు. చదువు:

"___ గారికి. మీ ఇంట్లో అద్దం ఉందా? ఉంటే ఒకసారి ముందు నిలబడి చూసుకోండి. ఆ రెక్క మొయ్యడానికి భుజాలు కావాలి. తన భుజాన్నే నిలబెట్టుకోలేని మనిషి ఊరినేం నిలబెడుతుంది? మీకు జాలి కావాలంటే ఆసుపత్రికి వెళ్ళండి, మా రాగిరెక్క జోలికి రావద్దు. సిగ్గుంటే తప్పుకోండి. ఇట్లు, ఒక అభిమాని."

ఖాళీలో ఎవరి పేరైనా రాసుకోవచ్చు. నిర్మాతకీ పనికొస్తుంది, దర్శకుడికీ పనికొస్తుంది, ఆ మహాతల్లికీ పనికొస్తుంది. ఈ వారంలో తొమ్మిదివందలు వెళ్ళాయి.

నీకేం కాదులే. చీటీమీద నీ పేరు లేదుగా. అసలు చీటీమీద ఏ పేరూ లేదు. పేరు రాయకుండా కొలత తియ్యకూడదని నేర్పాను, మర్చిపోయావా?

నువ్వడిగినదానికి జవాబు నమూనాలోనే ఉంది, చూసుకో.

మామయ్య


మార్చి 8

మామయ్యా,

తొమ్మిదివందలు కాదు. ఇప్పటికి పదకొండు బస్తాలు. కాస్ట్యూముల గదిలోనే ఖాళీ ఉందని అక్కడే పడేశారు. కుట్టుకోవడానికి బల్ల దగ్గరికి పోవాలంటే నీ అభిమానుల్ని తొక్కుకుంటూ పోవాలి.

పుకార్లు ఆపాలని నిర్మాతలు హడావిడిగా వేషం వేసే ఆవిడ పేరూ ఫొటో బయటపెట్టారు. ఇక దాచేదేముంది, రాస్తాను. ఆవిడ ఇరవై ఏళ్ళుగా నాటకాలు వేస్తోంది. నలభై ఏళ్ళుంటాయి. అయిదడుగుల ఏడంగుళాలు, రెండు భుజాలూ గీత గీసినట్టు ఉంటాయి. నీ చీటీకీ ఆవిడకీ పోలికే లేదు! ఫొటో చూశాకైనా మీవాళ్ళు నోరు మూసుకుంటారనుకున్నాం. ఏమన్నారో తెలుసా? ఫొటో దిద్దారట. లోపల దూది కుక్కి నిలబెట్టారట. పైగా ఆవిడ రంగు మీద పడ్డారు. రాగిరెక్కా, మసిరెక్కా అని ఒకడు. "వంకరరెక్క" అని పేరు పెట్టారు. నలభై రెండు, ముప్పై ఎనిమిది, నలభై అయిదు, ఈ మూడు అంకెలూ బనీన్ల మీద అచ్చేయించుకుని గేటు బయట నిలబడి ఎక్కాల్లా అరుస్తున్నారు. లోపల నేను కుడుతుంటే వినపడుతుంది. పొద్దున తొమ్మిదికి మొదలుపెడతారు, భోజనానికి ఆపుతారు, మళ్ళీ మొదలు.

ఆవిడ రోజూ ట్రయల్‌కి వచ్చి నా బల్ల మీద కూర్చుని ఉత్తరాలు చదువుతుంది. చదవకండి అంటే వినదు. నీ నమూనా ఉత్తరం పైకి చదివి, "ఇది మొదట రాసినవాడెవడో గానీ, పనిమంతుడమ్మా" అంది. నా నోట్లో పిన్నులున్నాయి కాబట్టి బతికిపోయాను.

ఇంకో సంగతి. మేనేజరు నన్ను పిలిచి మీ కళ్ళజోడు ఫోన్లలో తిప్పిన చీటీ ఫొటో చూపించాడు. పక్కనే నా పాత చీటీలు నాలుగు పరిచాడు. నా ఏడు అంకె మధ్యలో గీత పెడతాను కదా, నువ్వు నేర్పినట్టు. అది చూపించి, "ఇది మీ దస్తూరీయేనా?" అన్నాడు. ఆలోచించుకుని చెప్తానన్నాను. అలాంటి జవాబు ఎవరైనా చెప్తారా? నాకు ఇంకేం తోచలేదు.

ఒక్క పని చెయ్యి. చీటీ ఆవిడది కాదని సంఘంలో చెప్పు. నేను పొరపాటు పడ్డానని ఒక్క ముక్క నీ చేత్తో రాయి. నీ మాట వింటారు.

గుండీ


మార్చి 14

గుండీకి,

ఎలా రాయమంటావే? ఆ చీటీ ఆవిడది కాకపోతే మరెవరిది? గాల్లోంచి కొలతలు తీశావా? రాగిరెక్క అంగీ కుడుతున్నానన్నావు, కొలత చీటీ పంపావు, ఆ కొలతకి ఎలా కొయ్యాలో అడిగావు, కుదిరిందని కూడా రాశావు. ఇప్పుడేమో ఆవిడది కాదంటావు. సంతకం పెట్టావు కాబట్టి అలా చెప్పమని వాళ్ళు నూరిపోసి ఉంటారు, నాకు ఆమాత్రం అర్థం కాదా? ఫొటో దిద్దొచ్చు. టేపుకి దిద్దడం తెలీదు. నేను టేపునే నమ్ముతాను.

రంగు సంగతి నేనెత్తలేదు. అది కుర్రాళ్ళ మాట. మందలించాను కూడా. బనీన్లు కూడా నేను చెప్పలేదు, అయినా గుడ్డ నాసిరకం, రెండు ఉతుకులకి అంకెలు పోతాయి.

ఇకపోతే, ఇవాళ పేపర్లో చూశాను. ఆవిడ తప్పుకుందట! వేషం ఎవరో కండలవాడికి ఇచ్చారట. గెలిచాం గుండీ! సంఘం గదిలో బల్లలెక్కి అరిచారు. కళ్ళజోడు నన్ను కావలించుకుని ఏడ్చాడు. నువ్వు కుట్టే అంగీ ఇక సరైన భుజాల మీద నిలబడుతుంది. నీకూ మంచిదే కదా? ఆలోచించు, దూది కూడా అక్కర్లేదు.

మీ అమ్మ నాతో మాట్లాడి పదిరోజులైంది. ఆ బనీను వేసుకుని ఎవడో దుకాణంలోకి వస్తే, పైనుంచి చూసి కిందకి దిగొచ్చి వాణ్ణి వెళ్ళగొట్టింది. వాడు నా పాత ఖాతాదారు. ఎందుకు అంత కోపమో చెప్పదు. నన్నే చూస్తుంది, మొహం తిప్పుకుంటుంది. నువ్వేమైనా రాశావా తనకి?

మామయ్య


మార్చి 21

మామయ్యా,

అమ్మకి నేనేమీ రాయలేదు. అమ్మకి ఎవరూ రాయనక్కర్లేదు. బనీను మీద అంకెలు చూడగానే గుర్తుపట్టి ఉంటుంది. కిందటేడు ఆసుపత్రిలో నర్సు ఇవే కొలతలు చదువుతుంటే నా పక్కనే కూర్చుని నా బరువు గురించి డాక్టరుతో దెబ్బలాడింది తనే కదా.

అవి నా కొలతలు.

నిదానంగా చదువుకో. నలభై రెండు నేను. ముప్పై ఎనిమిది నేను. పొట్టి, లావు, వంకర, నువ్వు వరసగా రాశావే, అవన్నీ నేనే. ఆవిడ అప్పటికి ఇంకా ఇక్కడికి రాలేదు, ఇంకో నాటకం ముగించుకుని రావాలి. బొమ్మ మీద కోస్తే రెక్క నడిచేటప్పుడు ఎలా ఊగుతుందో తెలీదు. నడిచే ఒళ్ళు కావాలి. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ముందు నా మీద కోసుకుని చూసి, తర్వాత ఆవిడకి దిద్దుకుందామనుకున్నాను.

పేరు మర్చిపోలేదు. కావాలనే రాయలేదు. రాస్తే నువ్వు "దూది పెట్టవే" అంటావు. నాకు ఆరేళ్ళప్పుడు మొదటి స్కూలు గౌను కుట్టావు, కుడి భుజంలో దూది పెట్టి. పంతొమ్మిదేళ్ళదాకా నేను వేసుకున్న ప్రతిదానిలోనూ ఉంది. చాలాకాలం అందరి బట్టల్లోనూ ఉంటుందనుకున్నాను. ఒక్కసారి నా భుజం ఎలా ఉందో అలాగే కోస్తే ఎలా ఉంటుందో నీ చేతే చెప్పించుకోవాలనిపించింది. చెప్పావు. కుదిరింది. ఆ అంగీ వేసుకుని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఎన్నిసార్లు నడిచానో! ముప్పై ఒక్కేళ్ళ మనిషిని, సిగ్గులేకుండా రెక్క ఎగరేసుకుంటూ నడిచాను. నీ ఉత్తరం రెండో పేజీ గుర్తొచ్చాకే ఆగాను.

తర్వాత నీ నమూనా వచ్చింది. నేను అద్దం ముందు నిలబడ్డాను మామయ్యా. నువ్వు చెప్పినట్టే నిలబడి చూసుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్తాను, ఇందులో నీ తప్పు లేదు. ఇది నాది. మొదటిరోజే నేను మేనేజరు దగ్గరికి వెళ్ళి, "ఈ కొలతలు నావి, ఆవిడవి కావు" అంటే ఆవిడ గొడవ అక్కడితో తేలిపోయేదేమో. నోరు రాలేదు. గేటు బయట వందమంది నవ్వుతూ అరుస్తున్న అంకెలు నావని ఎలా చెప్పను? ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ మూడు వారాలు ఆవిడ చేత నా తిట్లు చదివించాను. ఆవిణ్ణి తీసేశారని తెలిశాక వెళ్ళి చెప్పాను. మేనేజరు నన్ను కిందనుంచి పైకి చూశాడు. "అయితే లీకు కూడా మీదే" అన్నాడు. సాయంత్రానికి నా సామాను గేటు దగ్గర ఉంది.

ఆవిడకి కూడా చెప్పాను. తన గదిలో పెట్టె సర్దుకుంటోంది. విన్నాక, "ఒక్క మాట ముందు చెప్తే ఏం పోయేదమ్మా నీకు?" అంది.

మీరు గెలిచారు. అంగీ ఇప్పుడు కండలవాడి కోసం ఇంకెవరో కుడుతున్నారు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. నువ్వు నిజంగా గుర్తుపట్టలేదా? చీటీ చూసి మనిషిని పోల్చుకుంటానన్నవాడివి. పదమూడేళ్ళు నా భుజం కొలిచినవాడివి.

గుండీ


ఏప్రిల్ 6

అమ్మా గుండీ,

రాసి చింపాను, రాసి చింపాను. ఇది అయిదోది.

నీ ఉత్తరం చదివిన ఆదివారమే సంఘానికి వెళ్ళాను. చీటీ ఆవిడది కాదు, నాదే పొరపాటు, ఆవిడకి క్షమాపణ రాద్దాం అన్నాను. కొలతలు ఎవరివో చెప్పలేదు. చెప్పమని గొంతు మీద కూర్చున్నారు, చెప్పలేదు. నిర్మాతలకి అమ్ముడుపోయాడన్నారు. బల్లమీద కొట్టి మాట్లాడబోయాను. నన్ను కావలించుకుని ఏడ్చినవాడే కుర్చీ లాగేశాడు. ముప్పై ఏళ్ళ అధ్యక్షుణ్ణి నేల మీద కూర్చోబెట్టారు.

వారం తిరక్కుండా ఉత్తరాలు మొదలయ్యాయి. రోజుకి ముప్పై, నలభై. అదే నమూనా. ఖాళీలో నా పేరు. రెక్క అన్నచోట కత్తెర అని మార్చారు, అంతే. మీ ఇంట్లో అద్దం ఉందా? సిగ్గుంటే తప్పుకోండి. అన్నీ నా వాక్యాలే. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గుచ్చాలో, అంతా నా పనే. ఇరవయ్యో ఉత్తరం సగంలోనే మడిచేశాను. ఆవిడ పదకొండు బస్తాలు చదివిందన్నావు. నువ్వు వింటూ కుట్టావన్నావు.

దుకాణానికి ఎవరూ రావటంలేదు. అది సరే.

నువ్వడిగినదానికి వస్తాను. అబద్ధం రాసి తప్పించుకోవచ్చు, నాలుగు చింపింది అందుకే. నీకు రాసేముందు సరిచూసుకుందామని పాతగుడ్డ మీద సుద్దగీత పెట్టబోతూ, ఆ ఒకటింపావు దగ్గర ఒక్క క్షణం ఆగాను. ఇది ఎక్కడో చూశానే అనిపించింది. నువ్వే అనిపించింది. వెంటనే, ఛ, అది ఇంత లావెక్కడుంది అనుకున్నాను. పోల్చుకుంటే ఉత్తరం రాయాలి, అడగాలి, కోపం చల్లార్చుకోవాలి. నాకు అప్పటికే కోపం బాగా ఎక్కింది. అది వదులుకోబుద్ధి కాలేదు. నా పనంతా వంకర ఒళ్ళని బట్టలో నిలబెట్టడమే. నీ దగ్గరా అదే చేశాను. ప్రేమతోనే అనుకున్నాను. వంకర వంకరగానే ఆ అంగీలో నిలబడొచ్చని నాకెప్పుడూ తట్టలేదే.

మీ అమ్మ ఇవాళ మాట్లాడింది. "దానికి రాయి" అంది. అంతే.

నాకు ఒక్కటి చెయ్యనివ్వు. నీకొక కోటు కుడతాను. మంచి ఉన్ని గుడ్డ తీసిపెట్టాను, ముదురు ఆకుపచ్చ, నీకు నప్పేది. దూది పెట్టను, ఒట్టు. ఆ చీటీ నేను చింపేశాను, ఉంచుకోవడానికి మొహం చెల్లలేదు. నీ కొలతలు మళ్ళీ ఒకసారి రాసి పంపు.

మామయ్య


ఏప్రిల్ 15

మామయ్యా,

నాకు పని దొరికింది. రెడీమేడ్ దుకాణంలో వెనక గది, ప్యాంట్ల అంచులు మడవడం, జిప్పులు మార్చడం. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిది. నిలబడే చెయ్యాలి. గదికి పెద్ద ఇంకొకామె, నాకన్నా ఆరేళ్ళు చిన్నది, మంచిదే. అమ్మకి ఈమాత్రం చెప్పు, మిగతాది చెప్పకు.

నాటకాలావిడకి రెండు ఉత్తరాలు రాశాను. రెండూ విప్పకుండానే తిరిగొచ్చాయి. నాకు తగినదే.

నువ్వు గుర్తుపట్టలేదని రాసుంటే బాగుండేది. రాస్తావనే అనుకున్నాను. కొలిచి పన్నెండేళ్ళైంది, పిల్ల మారిపోయింది, ముసలాడికి తట్టలేదు, అని సరిపెట్టుకోవడానికి తయారుగా కూర్చున్నాను. నిన్ను క్షమించేసి, ఆదివారం ఫోన్ కూడా చేద్దామనుకున్నాను. నువ్వేమో నిజం రాశావు. గుర్తుపట్టావు. నేనని తెలిసి, ఇంత లావా అనుకుని, పక్కకి నెట్టి, అరవైమంది ముందు పెట్టావు. నిజం చెప్పినందుకు నిన్ను మెచ్చుకోవాలని నాకూ ఉంది. చేతకావటంలేదు.

నీకు వస్తున్న ఉత్తరాలు చదవకు. పొయ్యిలో పడెయ్యి. ఇది నీ మీద కోపంతోనే చెప్తున్నాను, అయినా నిజమే చెప్తున్నాను, అవి చదివితే మనిషి మిగలడు.

ఆ ఆకుపచ్చ ఉన్నితో అమ్మకి కుట్టు, చలికి వణుకుతుంది. నాకొద్దు.

కొలతలు రాసి పంపమన్నావు. ఎందుకు మామయ్యా? దుకాణంలోంచి రోడ్డు మీదకి వెళ్ళి ఎవర్ని అడిగినా చెప్తారు.

మీ అక్క కూతురు